చేతి లూజు ఎంత?

ఆడవాళ్ల ఒళ్లు ఎలా ఉండాలో చెప్పడానికి డాక్టర్లున్నారు, జిమ్ములవాళ్లున్నారు, ఫోన్లో రీల్సు చేసేవాళ్లయితే కోకొల్లలు. వాళ్లందరి తర్వాత నాకూ కాస్త హక్కుందనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. వనపర్తి జిల్లా ఖిల్లా ఘణపూర్‌లో నేను లేడీస్ టైలర్‌ని. మా మండలం ఆడవాళ్ల ఛాతీ, నడుము, భుజం, చేతి లూజు నా కొలతల నోటుబుక్కుల్లో ఉన్నంతగా ఏ దవాఖాన రిజిస్టర్లోనూ ఉండవు. ఆది జాకెట్ తెచ్చినా సరే, టేపు పెట్టి మళ్లీ కొలుస్తాను. ఆది జాకెట్ ఎప్పుడో రెండేళ్ల కింద కుట్టింది. ఈ రెండేళ్లలో మనిషి అలాగే ఉంటుందా?

టేపు పట్టీ పట్టీ నాకు గట్టిపడిన అభిప్రాయం ఒకటుంది. పెళ్లిచూపుల్లో, పేరంటాల్లో, ఆఖరికి బస్సులో పక్కసీట్లో కూర్చున్నా ఆడమనిషిని "ఎన్ని కిలోలున్నవ్?" అని అడుగుతున్నాం చూడండి, అది దండగ ప్రశ్న. దండగతో పోతే బాగుండేది. ఆ ప్రశ్నకు జడిసి మా ఆడపిల్లలు ఒంట్లో ఉన్న కాస్త కండనూ పోగొట్టుకుంటున్నారు.

పెళ్లి జాకెట్ల సంగతి చెప్తాను. మగ్గం వర్కు ఉంటుంది కాబట్టి కొలతలు నెలన్నర ముందే ఇవ్వాలి. కొలతలిచ్చి పోయిన పిల్ల ఆ నెలన్నర ఊరికే ఉండదు. రాత్రి అన్నం బంద్. పొద్దున జీలకర్ర నీళ్లు. మధ్యాహ్నం రెండు పుల్కాలు, నాలుగు కీర ముక్కలు. పెళ్లి వారంలో వచ్చి జాకెట్ తొడుక్కుంటే చేతులు వదులు, భుజం జారుతుంది, నడుము దగ్గర మాత్రం హుక్కు ఊపిరి బిగబట్టుకుని పెట్టుకోవాల్సిందే. "అక్కా, ఐదు కిలోలు తగ్గిన. నడుం ఎందుకు తగ్గలే?" అని అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుంటుంది. పక్కన తల్లి మురిసిపోతుంటుంది, పిల్ల సన్నబడ్డదని. నేను రాళ్లు, పూసలు రాలకుండా చేతి కుట్టు లోపలికి పట్టే పనిలో పడతాను.

కడుపు మాడ్చుకున్నప్పుడు ఒళ్లు కొవ్వును మాత్రమే ఏరుకుని కరిగించుకోదు. తిండిలో ప్రొటీన్ లేకుండా, ఒంటికి బరువు పని లేకుండా పస్తులుంటే కండను కూడా తీసి వాడేసుకుంటుంది. తర్వాత పెళ్లవుతుంది, విందులవుతాయి, పోయిన ఐదు కిలోలు తిరిగొస్తాయి. అవి మాత్రం ఎక్కువ భాగం కొవ్వుగానే వస్తాయి. కాంటా మీద మళ్లీ పాత అంకె కనబడుతుంది. అదే జాకెట్ పట్టుకొచ్చి "నడుం కాడ కుట్లు విప్పక్కా, పట్టేస్తుంది" అంటుంది. చేతులు విప్పమని మాత్రం ఎవరూ అడగరు.

కొవ్వు కంటే కండ బరువు అంటుంటారు గానీ, ఏదైనా కిలో కిలోనే. తేడా అది ఆక్రమించే చోటులో ఉంది. లీటరు కొవ్వు దాదాపు 900 గ్రాములు తూగితే లీటరు కండ 1,060 గ్రాముల దాకా తూగుతుంది. అంటే అంతే బరువు కొవ్వుకు ఎక్కువ చోటు కావాలి. నా దగ్గర ఇద్దరు తోడికోడళ్లు కుట్టించుకుంటారు. కాంటా మీద ఇద్దరికీ అరకిలో తేడా. ఎత్తూ ఇంచుమించు ఒకటే. పెద్దామె పొలం పనికి పోతుంది, చిన్నామె ఇంటి ముందు కిరాణా కొట్టు చూసుకుంటుంది. పెద్దామె నడుము 29 ఇంచీలు, చిన్నామెది 34. చేతి లూజు ఇద్దరికీ పదకొండున్నర. ఇక్కడే చిత్రం. టేపు చుట్టి కాస్త లాగితే చిన్నామె చేతిలోకి టేపు దిగిపోతుంది. పెద్దామె చేయి టేపును ఎదురు తోస్తుంది. నోటుబుక్కులో మాత్రం ఇద్దరి పేర్ల పక్కన ఒకే అంకె రాసుకోవాలి. ఎవరికి ఎంత గుంజి కుట్టాలో నా వేళ్లు గుర్తుపెట్టుకుంటాయి.

నా వేళ్లకు తెలిసిన ఈ తేడాను పుణె డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ 2004లో లాన్సెట్ పత్రికలో ఫొటోతో సహా చూపించారు. ఆయన, లండన్ డాక్టర్ జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడ్డ ఫొటో అది. ఎత్తుకు తగ్గ బరువు లెక్క, అదే బీఎంఐ, ఇద్దరికీ 22.3. లోపల కొవ్వు కొలిస్తే యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. పుణె చుట్టుపక్కల పల్లెల్లో పుట్టిన పసిపిల్లల మీద కూడా ఆయన బృందం పనిచేసింది. బ్రిటన్ పిల్లల కంటే వాళ్లు బాగా తక్కువ బరువుతో పుడుతున్నారు. తగ్గిన ఆ బరువులో ఎక్కువ భాగం కండ. కొవ్వు మాత్రం పెద్దగా తగ్గలేదు. చూడటానికి బక్క, లోపల కొవ్వు. మన దేశపు ఒంటి తీరు ఇది. తల్లి తిండి దగ్గరే దీనికి మొదలు పడుతుంది.

ఈ బీఎంఐ లెక్కను మొదట వేసింది కూడా డాక్టరు కాదు. 1830ల్లో బెల్జియం గణిత పండితుడు అడాల్ఫ్ కెట్లే, సగటు మనిషి ఎలా ఉంటాడో తెలుసుకోవడానికి వేసిన లెక్క అది. యూరప్‌లో వేసిన ఆ లెక్కలో కండ ఎంత, కొవ్వు ఎంత అన్న ఊసే లేదు. అందుకే మనవాళ్లకు ప్రమాదం ముందే మొదలవుతుందని తెలిసి, 25 దగ్గర ఉన్న అధిక బరువు గీతను మన డాక్టర్లు 23కి దించారు. గీత జరిపినా కాంటా కాంటానే.

నడుము కొలత నయం. మన ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదంటారు, నా భాషలో 31న్నర ఇంచీలు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మొదటిసారి నడుము కూడా కొలిచారు. దేశం మొత్తం మీద బీఎంఐ లెక్కలో అధిక బరువున్న ఆడవాళ్లు 24 శాతం తేలితే, నడుము లెక్కలో పొట్ట పెరిగినవాళ్లు 40 శాతం తేలారు. కాంటా "నువ్వు బాగున్నవ్ పో" అని పంపేసిన ఆడవాళ్లలో ఎందరినో టేపు పట్టుకున్నదన్నమాట. ఒక జాగ్రత్త చెప్పాలి. జాకెట్ కోసం మేం కొలిచే నడుము వేరు, జాకెట్ కింది పట్టీ వచ్చే చోట, పైన ఉంటుంది. డాక్టర్లు చెప్పేది పక్కటెముకల అడుగుకూ తుంటి ఎముక పైఅంచుకూ మధ్యన, ఊపిరి వదిలాక కొలిచేది. చీర కుచ్చిళ్ల కింద దాక్కునే నడుము అది. లంగా నాడా బిగించే చోట ఒకసారి టేపు పెట్టి చూపిస్తే మా దుకాణంలో చాలామంది "అంత లేదక్కా, టేపు జారింది" అంటారు.

అదే సర్వేలో మన తెలంగాణ లెక్క: 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో అధిక బరువున్నవాళ్లు 30.1 శాతం, మరీ బక్కగా ఉన్నవాళ్లు 18.8 శాతం, రక్తం తక్కువున్నవాళ్లు 57.6 శాతం. ఈ మూడో అంకె మొదటి రెండింటినీ కలిపినదానికంటే పెద్దది. లావున్నామెకు రక్తం సరిగ్గా ఉందనీ, బక్కామెకు మాత్రమే లేదనీ అనుకోవడానికి లేదు. లావుగా ఉంటే తిని బలిసిందనుకోవడం మన అలవాటు. తిన్నది ఏమిటో ఎవరూ అడగరు.

మా పాలమూరు ఆడవాళ్ల చేతులు ఒకప్పుడు ఎలాంటివో మీకు చెప్పక్కర్లేదు. పాలమూరు లేబర్ అంటే దేశంలో ఏ డ్యామ్ దగ్గరకు పోయినా తెలుసు. తట్ట నెత్తిన పెట్టుకుని గట్టెక్కిన ఆడవాళ్లు వాళ్లు. ఆ రోజులు బాగుండేవని నేను చచ్చినా అనను. ఆ కండ వెనుక ఆకలుంది, అరిగిపోయిన మోకాళ్లున్నాయి, గుడారంలో కన్న బిడ్డలున్నారు. ఇప్పుడు జూరాల, కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లొచ్చాయి. జొన్న పోయి వరి వచ్చింది. కోతకు మిషన్ వచ్చింది, నాట్లకు వేరే రాష్ట్రాల కూలీలు వస్తున్నారు. పని తగ్గడం మంచిదే. పనితో పాటు ఒంటి కదలికా పోయింది, కంచంలో మాత్రం అన్నం గుట్ట అలాగే ఉంది, ఇంకా చెప్తే పెరిగింది. జొన్నరొట్టె వారానికోసారి మొక్కుబడి అయింది. నేనే చూసుకోండి, పొద్దంతా మిషన్ మీద కూర్చునే మనిషిని. ఒకప్పుడు కాళ్లతో తొక్కేదాన్ని, ఇప్పుడు కరెంటు మోటారు. కరెంటు బిల్లు పెరిగింది, దాంతో పాటే నా నడుమూ పెరిగింది.

కండ ఉన్న ఆడదానికి మన ఊళ్లల్లో మర్యాద లేదు. పొలం పని చేసే ఆడవాళ్లు నా దగ్గరికొచ్చి "చేయి మోచేతి దాకా పెట్టక్కా, మగోని చేతి లెక్క కనబడుతది" అంటారు. కబడ్డీ ఆడే పిల్లను "మగరాయుడు" అంటారు. బరువులెత్తితే ఆడపిల్ల మగాడిలా అయిపోతుందన్న భయం ఒకటి. కండ ఉబ్బడానికి కావాల్సిన టెస్టోస్టెరాన్ హార్మోను మగవాళ్లలో ఆడవాళ్ల కంటే పది రెట్లకు పైగా ఉంటుంది. ఇంట్లో రెండు నీళ్ల బాటిళ్లు ఎత్తి దించితే ఎవరికీ మీసాలు మొలవవు.

కరణం మల్లీశ్వరి సంగతి మన ఆడపిల్లలందరికీ చెప్పాలి. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట పిల్ల. చిన్నప్పుడు వెయిట్‌లిఫ్టింగ్ నేర్చుకుందామని వెళ్తే, బక్కగా ఉన్నావు, ఇంట్లో అమ్మకు సాయం చేసుకో అని పంపేశారని ఆమే చెప్పింది. 1994లో, 1995లో 54 కిలోల విభాగంలో ప్రపంచ ఛాంపియన్ అయింది. ఐదేళ్ల తర్వాత 69 కిలోల విభాగంలో సిడ్నీ ఒలింపిక్స్‌కు బయల్దేరితే లావెక్కింది, ఇక పనైపోయింది అన్నారు. 2000 సెప్టెంబరు 19న స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం మెడలో వేసుకుంది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. బక్కగా ఉన్నప్పుడు పనికిరాదన్నారు, బరువు పెరిగినప్పుడూ పనికిరాదన్నారు. మధ్యలో ఏ కిలో దగ్గర ఆగితే ఒప్పుకునేవాళ్లో నాకైతే తెలియదు. పెరిగిన ఆ బరువులో కండ ఎంతుందో ఎత్తిన 240 కిలోలే చెప్పాయి.

ఇంకో కొసన సినిమా హీరోయిన్ ఆర్తి అగర్వాల్ ఉంది. 2001లో 'నువ్వు నాకు నచ్చావ్'తో మన ఇంటి పిల్ల అయిపోయింది. కాస్త ఒళ్లు చేయగానే రాతలు మొదలయ్యాయి. లైపోసక్షన్ చేయించుకున్న కొన్ని వారాలకు, 2015 జూన్ 6న అమెరికాలో చనిపోయింది. 31 ఏళ్లు. చావుకు అదే కారణమని నేననను. ఆ ఆపరేషన్ ఎవరి మాటల కోసం చేయించుకోవాల్సి వచ్చిందో మాత్రం మనందరికీ తెలుసు. ఇందులో ఇంకో విషాదముంది. 2004లో అమెరికాలో డాక్టర్లు 15 మంది లావైన ఆడవాళ్లకు లైపోసక్షన్‌తో తలా పది కిలోల దగ్గర కొవ్వు తీసి చూశారు. వాళ్ల షుగరు, బీపీ లెక్కల్లో చెప్పుకోదగ్గ మార్పేమీ రాలేదు. తీసింది చర్మం కిందిది. పీడించేది పొట్ట లోపల, కాలేయం చుట్టూ పేరుకునేది. దాన్ని సూదితో పీల్చలేరు.

కండ అందం కోసమని కూడా నేను చెప్పడం లేదు. మనం తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలోకి వస్తే, అందులో పెద్ద భాగాన్ని తీసుకుని దాచుకునేది కండే. కండ తగ్గినవాళ్లకు ఆ చక్కెర పోయే దారి తగ్గుతుంది. షుగరు జబ్బు అంటే సగం కథ ఇదే. కండ పెరిగితే కూర్చున్నా కొవ్వు దానంతటదే కరిగిపోతుందని కొందరు చెప్తారు, అది కాస్త ఎక్కువ చేసి చెప్పే మాట. కిలో కండ ఊరికే ఉన్నప్పుడు రోజుకు 13 కేలరీల దాకా ఖర్చు చేస్తుంది, అంతే. దాని విలువ చక్కెరను పట్టుకోవడంలో ఉంది, ముసలితనంలో పడిపోకుండా నిలబెట్టడంలో ఉంది.

మా దుకాణంలో ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉంది. కొలతలకు పిలిస్తే యాభై దాటిన ఆడవాళ్లలో ఎక్కువ మంది రెండు చేతులూ మోకాళ్ల మీద ఊని "అమ్మా" అనుకుంటూ లేస్తారు. చేతులు గుండెల మీద కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడానికి 12 సెకన్లు, అంతకు మించి పడితే కండ సత్తువ తగ్గిందని అనుమానించాలని ఆసియా దేశాల డాక్టర్లు 2019లో ఒక కొలత పెట్టారు. కాంటా అక్కర్లేదు, గోడ గడియారం చాలు. నేను కొందరి చేత చేయించాను. నవ్వుకుంటూ మొదలుపెట్టినవాళ్లు మూడోసారికే నవ్వు ఆపేస్తారు. కాకతీయుల సామంతుడు గోన గణపారెడ్డి కట్టించిన కోట నెత్తిన పెట్టుకున్న ఊరు మాది. మా ఊరి ఆడవాళ్లలో పెళ్లయ్యాక ఆ కోట గుట్ట ఎక్కినవాళ్లెందరో లెక్క తీస్తే సిగ్గుపడాలి.

ఆడపిల్లను కిలోలు అడగని చోటు మాత్రం ఒకటి చూశాను. పోలీసు కానిస్టేబుల్ పరీక్ష. 2022 నోటిఫికేషన్‌లో అమ్మాయిలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో ఉరకాలి, రెండున్నర మీటర్లు దూకాలి, 4 కిలోల గుండు 4 మీటర్లు విసరాలి అని పెట్టారు. ఆ పరీక్షకు తయారైన పిల్ల ఒకామె నా దగ్గర పంజాబీ డ్రెస్సులు కుట్టించుకునేది. తెల్లారుజామున గ్రౌండుకు పోయేది. ఆర్నెల్లకు చేతి లూజు ముప్పావు ఇంచీ పెరిగింది, నడుము రెండించీలు తగ్గింది, కాంటా మీద కిలో పెరిగింది. తల్లి వచ్చి "గింత ఉరికినా కిలో పెరిగిందేంది బిడ్డా?" అని నన్ను అడిగింది. నోటుబుక్కు తెరిచి పాత కొలతలు, కొత్త కొలతలు పక్కపక్కన చూపించాను. ఆమెకు చదువు రాదు, అంకెలొచ్చు. నమ్మింది. ఊళ్లల్లో క్రీడా ప్రాంగణాలని బోర్డులు పెట్టారు, మంచిదే. సాయంత్రం ఆ పక్కగా పోతూ చూడండి, ఆడపిల్ల కనబడితే నాకు చెప్పండి.

ఇక తిండి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 55 కిలోల ఆడమనిషికి రోజుకు దాదాపు 46 గ్రాముల ప్రొటీన్ కావాలంటుంది. గుడ్డులో 6 గ్రాములు. గుప్పెడు పల్లీలు, అంటే 30 గ్రాములు తింటే 7. వంద గ్రాముల కందిపప్పులో 21, 22. వనపర్తి అంటేనే పల్లికాయకు పేరు. పండించిన ఇంట్లోనే కోడలు పల్లీలు తింటే పైత్యం చేస్తుందంటారు, కొడుకు తింటే చేయదు. కూరలో గుడ్లు మగవాళ్ల కంచాల్లోకి పోయాక ఆడవాళ్లకు పులుసు మిగులుతుంది. ఆ పులుసుతో మూడు పూటలా అన్నం తిని నడుము పెరిగితే, మళ్లీ ఆ ఇంటివాళ్లే "తిని కూర్చుని దొడ్డయింది" అంటారు. అందుకు సమాధానంగా ఆమె చేసేది ఇంకో పూట తిండి మానేయడం. ఒంటికి పౌడర్లు, షేకులు అమ్మేవాళ్ల దగ్గరికి పోయి మిషన్ ఎక్కి "బాడీ ఏజ్" చూపించుకుని వేలు పోసేవాళ్లూ ఉన్నారు. చెంబుడు నీళ్లు తాగి ఎక్కితే ఆ మిషన్ లెక్క మారిపోతుంది. ఆ డబ్బుకు ఏడాది సరిపడా గుడ్లొస్తాయి.

ఇళ్లల్లో ఎవరు మారతారో నేను చెప్పలేను. సర్కారు చేయగలిగింది మాత్రం ఒకటుంది. 2025 ఏప్రిల్ నుంచి రేషన్ కార్డు మీద మనిషికి నెలకు 6 కిలోల సన్న బియ్యం ఉచితంగా ఇస్తున్నారు. గణపసముద్రం కింద వరి పండే మా ఊళ్లల్లో బియ్యానికి కరువు లేదు. 2013లో అమ్మహస్తం పథకం సంచీలో 185 రూపాయలకు తొమ్మిది సరుకులిచ్చినప్పుడు అందులో కిలో కందిపప్పు ఉండేది. ఇప్పుడు బియ్యం ఒక కిలో తగ్గించినా పరవాలేదు, ఆ పప్పును తిరిగి రేషన్ దుకాణానికి తెండి. కార్డుకు కిలో లెక్కన వద్దు, ఇంట్లో ఎంతమంది ఆడవాళ్లుంటే అన్ని కిలోలివ్వండి.